హైదరాబాద్‌లో కుటుంబానికి గది: వచ్చేవాళ్లు అడగాల్సినవి, హోటళ్లు చెప్పాల్సినవి

సంపాదకులకు నమస్కారం.

సెలవులొస్తే జిల్లాల నుంచి పిల్లాపాపలతో హైదరాబాద్ చూడ్డానికి వచ్చే కుటుంబాలు గది విషయంలో ఏటా ఒకే చోట చిక్కుకుంటున్నాయి. ఫోన్‌లో కనిపించే అద్దె ఇద్దరు పెద్దవాళ్ల లెక్క, అదీ మధ్యాహ్నం 12 గంటల నుంచి. వచ్చేదేమో అమ్మమ్మ, తాతయ్యలతో కలిపి ఆరుగురు, అదీ తెల్లవారుజామున. ఈ తేడా మొత్తం రిసెప్షన్ ముందు సామాను దించాక బయటపడుతుంది. అప్పుడు హోటల్ వాళ్లు ఎంతంటే అంత ఇవ్వడమే.

అన్నిటికన్నా ముందు టికెట్ మీద దిగే స్టేషన్ పేరు చూడండి. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి ఒకదానికొకటి బాగా ఎడం. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్లు అక్కడి నుంచే నడుస్తున్నాయి. చర్లపల్లికి మెట్రో లేదు. ఊరి మధ్యలో గది తీసుకుంటే అంత పొద్దున్నే క్యాబ్ ఖర్చు కూడా అద్దెలో కలుపుకోవాలి.

తర్వాత ఏమేం చూడాలో రాసుకుని, వాటి మధ్యలో గది వెతకండి. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూసేవాళ్లకు మియాపూర్–ఎల్‌బీ నగర్ మెట్రో లైన్ మీద లక్డీకాపూల్, నాంపల్లి ప్రాంతాలు అనువు. మెట్రో ఇంకా చార్మినార్ దాకా రాలేదు కాబట్టి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాలి. రామోజీ ఫిల్మ్ సిటీ ఎల్‌బీ నగర్ దాటాక విజయవాడ హైవే మీద ఉంది. శని, ఆదివారాల్లో అద్దె తగ్గించారని గచ్చిబౌలిలో దిగితే ఫిల్మ్ సిటీకి పోవడానికి ఊరంతా అడ్డంగా దాటాలి. మ్యూజియానికి శుక్రవారం, జూపార్కుకు సోమవారం సెలవు. గది ఎన్ని రోజులకో తేల్చుకునే ముందే ఇది చూసుకోవాలి.

ఎక్కువ గొడవ జరిగేది చెకిన్ దగ్గర. రైలు 14వ తేదీ తెల్లవారి 5 గంటలకు దిగుతుందనుకుందాం. యాప్‌లో 14 అని పెడితే గది మధ్యాహ్నం దాకా చేతికి రాదు. 13 అని పెట్టి, హోటల్‌కు ఫోన్ చేసి "14 తెల్లవారుజామున వస్తాం" అని చెప్పకపోతే, రాత్రి ఎవరూ రాలేదని బుకింగ్ రద్దు చేసి గది ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. రెండు రోజుల అద్దె పెట్టుకోలేనివాళ్లకు రెండు దారులున్నాయి. స్టేషన్ల దగ్గరి కొన్ని లాడ్జీల్లో 24 గంటల చెకౌట్ పద్ధతి ఉంటుంది, 5కి దిగితే మర్నాడు 5 దాకా గది మనదే. లేదంటే పెద్ద స్టేషన్లలో రైలు ప్రయాణికులకు అద్దెకిచ్చే రిటైరింగ్ రూములను పీఎన్ఆర్ నంబరుతో ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని, స్నానాలు చేసి మధ్యాహ్నం హోటల్‌కు వెళ్లొచ్చు. ఇవి పండగ రోజుల్లో త్వరగా నిండిపోతాయి.

"నలుగురికి సరిపోయే గది" అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి. మంచం ఎన్ని అడుగుల వెడల్పో అడగండి. ఆరడుగులుంటే ఇద్దరు పెద్దవాళ్లు, మధ్యలో ఒక చిన్నపిల్ల పడతారు, ఐదడుగులైతే కష్టం. ఎక్స్‌ట్రా బెడ్ అంటే చాలాచోట్ల నేల మీద వేసే పరుపే. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన దాని మీంచి లేవలేరు. పిల్లలకు ఏ వయసు దాకా ఉచితమో, టిఫిన్ వాళ్లకూ కలిసిందో లేదో వాట్సాప్‌లో రాయించుకోండి. పెద్దవాళ్లుంటే బాత్‌రూమ్‌లో వెస్టర్న్ కమోడ్ ఉందా, లిఫ్ట్ దాకా చేరడానికి ఎన్ని మెట్లెక్కాలి, కరెంటు పోతే లిఫ్ట్ జనరేటర్ మీద నడుస్తుందా అన్నది తెలుసుకోవాలి. వేడినీళ్లు రోజంతానా, పొద్దున మూడు గంటలేనా అన్నదీ అడగాలి. ఆరుగురి స్నానాలు అవ్వాలి కదా! ముహూర్తాల రోజుల్లో కింద ఫంక్షన్ హాలున్న హోటల్ అయితే డీజే మోతకు పసిపిల్లలు నిద్రపోరు.

రివ్యూల్లో నక్షత్రాల సంఖ్య కన్నా, కొత్తవి పైకి వచ్చేలా పెట్టి, బస చేసినవాళ్లు పెట్టిన ఫొటోలు చూడటం మేలు. హోటల్ వాళ్ల ఫొటోల్లో కిటికీ తెర మూసే ఉంటే దాని వెనక ఏముందో అడగండి. గాలి రాని డక్ట్‌లోకి, అంటే పైపులు పోయే ఇరుకు సందులోకి తెరుచుకునే కిటికీలు ఎన్నో. మ్యాప్‌లో కనిపించిన నంబరుకు యూపీఐలో అడ్వాన్సు పంపొద్దు. నకిలీ నంబర్లు పెట్టి దోచుకునేవాళ్లున్నారు. హోటల్ సొంత వెబ్‌సైట్‌లోని నంబరుతో సరిపోల్చండి. మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. యాప్‌లో బుక్ చేసినా హోటల్‌కు ఫోన్ చేసి బుకింగ్ వాళ్ల పుస్తకంలో ఎక్కిందో లేదో కనుక్కోవాలి.

పన్ను సంగతి: 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ.7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతమే, ఆపైన 18. పాత 12 శాతం వేసినవాళ్లను నిలదీయండి. రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ చార్జి తప్పనిసరి కాదు, తీసేయమంటే తీసేయాలి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. అమెరికా పాస్‌పోర్టున్న మనవలు వెంట ఉంటే ముందే చెప్పండి. వాళ్ల వివరాలను హోటల్ 24 గంటల్లో విదేశీయుల నమోదు అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ ఏర్పాటు లేని లాడ్జీ గుమ్మంలోనే వెనక్కి పంపుతుంది.

ఇక ఎవరూ అడగనిది, అందరూ అడగాల్సినది రెండో మెట్ల దారి. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో నిప్పంటుకుంది. ఆ పొగ పైనున్న హోటల్‌లోకి ఎక్కి 8 మంది చనిపోయారు. పొగ మెట్ల వెంటే పైకి పాకుతుంది. ఆ మెట్లు ఒక్కటే దారైతే కిందికి రావడం కుదరదు. గదిలోకి వెళ్లగానే రెండో దారి దాకా ఒకసారి నడిచి చూడండి. దానికి తాళం వేసి ఉన్నా, పాత పరుపులు అడ్డంగా పడేసి ఉన్నా తీయించండి, లేదా వేరే హోటల్ చూసుకోండి. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

అయితే ఇవన్నీ ఒక్కొక్క కుటుంబం ఫోన్లు చేసి రాబట్టాల్సిన పరిస్థితి ఎందుకుండాలి? ఎక్స్‌ట్రా బెడ్ ధర, పిల్లల వయసు నిబంధన, ముందుగా వస్తే ఎంత కట్టాలో బుకింగ్ పేజీలోనే అద్దె పక్కన చూపించాలి. అగ్నిమాపక తనిఖీ ఏ తేదీన జరిగిందో, రెండో మెట్లు ఎటున్నాయో తెలుగులో రాసి, రిసెప్షన్‌లో అద్దెల పట్టిక పక్కనే పెట్టేలా పర్యాటక శాఖ, అగ్నిమాపక శాఖ, జీహెచ్‌ఎంసీ కలిసి ఆదేశాలివ్వాలని కోరుతున్నాం.

— పర్యాటకులకు గదులు, టికెట్లు చూసిపెట్టే మీ పాఠకులు, ఏలూరు