సూళ్లూరుపేట మిద్దె మీదికి

ఒరేయ్ రామం,

నీ ఉత్తరానికి ఇంతకాలం జవాబు రాయలేదు. తిట్లన్నీ ఒకేసారి తిట్టి ముగించు. ఇక్కడ అందరం క్షేమం, చంటిదానికి పాలపళ్లు ఊడుతున్నాయి, ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. కుశలప్రశ్నలు అయిపోయాయి, ఇక అసలు సంగతి విను.

ఐల్ ఆఫ్ వైట్ వెళ్లాం. దీవి పడమటి కొసన సముద్రంలో నిలబడ్డ తెల్లటి సుద్దరాళ్లను నీడిల్స్ అంటారు. అందరూ వాటిని ఫొటోలు తీస్తుంటే నేను వెనక్కి తిరిగి, కొండ అంచున ఉన్న కాంక్రీటు కట్టడాలనే చూస్తూ ఉండిపోయాను. బ్రిటన్ తన రాకెట్లను కదలకుండా బిగించి, ఇంజన్లు మండించి పరీక్షించిన చోటురా అది! అవును, వీళ్లకూ సొంత రాకెట్ ఉండేది. పేరు బ్లాక్ యారో.

దాని ఇంజను నీకు తెగ నచ్చుతుంది. అందులో వాడింది హైడ్రోజన్ పెరాక్సైడ్. నువ్వు కాలేజీలో రంగు మార్చాలని మీసం మీద ప్రయోగించినదే, కాకపోతే చాలా గాఢమైనది. వెండిపూత వేసిన జల్లెడల గుండా పంపితే అది బాగా వేడెక్కిన నీటి ఆవిరిగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ఆ వేడికి కిరోసిన్ దానంతట అదే అంటుకుంటుంది. మంట దాదాపు కంటికి కనిపించదట. నీ మీసం మాత్రం ఊరంతటికీ కనిపించింది.

ఇక ఒళ్లు మండే భాగం. 1971 జులై 29న మంత్రి ఫ్రెడరిక్ కోర్‌ఫీల్డ్ పార్లమెంటులో లేచి, ఈ కార్యక్రమం రద్దు అన్నాడు. అమెరికా వాళ్ల స్కౌట్ రాకెట్ చవకట! అప్పటికే ఆస్ట్రేలియాలోని వూమెరా చేరిపోయిన రాకెట్‌ను మాత్రం పోనిమ్మన్నారు. అక్టోబరు 28న అది లేచి, 66 కిలోల ప్రాస్పెరో ఉపగ్రహాన్ని చక్కగా కక్ష్యలో పెట్టింది. సొంత రాకెట్‌తో ఉపగ్రహం పంపిన ఆరో దేశం బ్రిటన్. అదీ దుకాణం మూసేశాక!

అంతకుముందు టీఎస్‌ఆర్-2 యుద్ధవిమానానికీ ఇదే గతి. 1965లో దాన్ని ఆపి అమెరికా ఎఫ్-111లు కొంటామన్నారు, 1968లో వాటినీ వద్దన్నారు. అదంతా చెప్పాలంటే... వద్దులే, ఇంకో ఉత్తరానికి ఉంచుతాను.

డబ్బుకు కటకటే, నిజమే. బ్లాక్ యారో నాలుగు ప్రయోగాల్లో రెండు చెడిపోయాయి, అదీ నిజమే. మరి మన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ కూడా 1979లో మొదటిసారి సముద్రం పాలైంది కదా? మనం ఆపలేదు. మరుసటి ఏడాదే రోహిణి ఉపగ్రహాన్ని పైకి పంపి ఏడో దేశమయ్యాం.

శ్రీహరికోట నుంచి మొట్టమొదటి చిన్న రాకెట్ ఎప్పుడు లేచిందో తెలుసా? 1971 అక్టోబరు 9న. ప్రాస్పెరో లేచిన నెలేరా! తేదీలు పక్కపక్కన రాసుకుని చూసి, నీకు చెప్పందే నిద్ర పట్టదనుకున్నాను. ఇంకా విను. 2022 అక్టోబరులో అర్ధరాత్రి మిద్దెక్కి, మన ఎల్‌వీఎం3 రాకెట్ లేస్తుంటే నాకు ఫోను చేసి కేకలు పెట్టావే, అందులోని 36 ఉపగ్రహాలూ వన్‌వెబ్ అనే లండన్ కంపెనీవి. అప్పట్లో ఆ కంపెనీలో బ్రిటన్ ప్రభుత్వానికీ వాటా ఉండేది. సొంత రాకెట్‌ను మూలన పడేసినవాళ్ల సామానును మీ ఊరి పక్కనుంచి మోసుకెళ్లారన్నమాట! ఇది చదివాక మీ నాన్నగారి ముఖం ఎలా ఉందో తప్పకుండా రాయి. 'దొరల ఇంజనీరింగే వేరు' అని మనకు ఎన్ని క్లాసులు పీకారు!

బ్రిటన్ వాళ్ల కామెట్ విమానం గురించి కూడా రాద్దామని కూర్చున్నాను కానీ, తపాలా డబ్బా తెరిచే వేళ అయిపోయింది, వస్తా

నీ
శీను