ఆ ఫొటో తీసెయ్యకు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందే రాత్రంతా మనసులో మెదులుతూ ఉంది. పరుగు పందెంలో నాలుగో స్థానం వచ్చిందన్న బాధ కన్నా, చివరి ల్యాప్‌లో తీసిన ఆ ఫొటోలో మూతి వంకరగా ఉందని అందరూ నవ్వారన్న బాధే నీకు ఎక్కువగా ఉన్నట్టుంది.

ఎమిల్ జాటోపెక్ అనే రన్నర్ గురించి నీకెప్పుడూ చెప్పలేదు కదూ! చెకోస్లొవేకియాలో 1922లో పుట్టాడు. వడ్రంగి కొడుకు, జ్లీన్‌లో బాటా చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పద్దెనిమిదేళ్లప్పుడు ఫ్యాక్టరీ వాళ్లు పందెంలో పరిగెత్తమంటే ఒంట్లో బాగోలేదని తప్పించుకోబోయాడు. డాక్టరు చూసి, బాగానే ఉన్నావు, వెళ్లమన్నాడు. వందమందిలో రెండోవాడిగా వచ్చాడు. ఇక పరుగు వదల్లేదు.

అతను పరిగెత్తుతుంటే చూసేవాళ్లకి భయమేసేదట. తల ఒక పక్కకి వాలిపోయేది, నాలుక బయటికొచ్చేది, భుజాలు బిగుసుకుపోయేవి. ఇక్కడే కూలిపోతాడేమో అనిపించేది. కానీ ఆ ముఖాన్ని చూసి కాళ్లని అంచనా వేసినవాళ్లంతా మోసపోయారు. సైన్యంలో ఉన్నప్పుడు బరువైన బూట్లతో మంచులో కూడా ప్రాక్టీస్ చేసేవాడు. నాలుగు వందల మీటర్లు వేగంగా పరిగెత్తడం, కాస్త నెమ్మదించి మళ్లీ అందుకోవడం, ఒకే రోజు పదులసార్లు. మీ కోచ్ నీచేత చేయించే ఇంటర్వల్స్ అవే కదా, అమ్మలూ!

1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో పది వేల మీటర్లు, ఐదు వేల మీటర్లు గెలిచాడు. ఆ తర్వాత జీవితంలో ఎన్నడూ పరిగెత్తని మారథాన్‌కి దిగాడు. దారిలో అప్పటి మేటి రన్నర్ జిమ్ పీటర్స్‌ని, మనం మరీ వేగంగా వెళ్తున్నామా అని అడిగాడు. అతన్ని తికమకపెట్టాలని పీటర్స్, ఇంకా నెమ్మదే అన్నాడు. జాటోపెక్ నిజమే అనుకుని వేగం పెంచేశాడు. పీటర్స్ మధ్యలోనే ఆగిపోయాడు, జాటోపెక్ 2 గంటల 23 నిమిషాల్లో గెలిచాడు. ఎనిమిది రోజుల్లో మూడు స్వర్ణాలు! ఒకే ఒలింపిక్స్‌లో ఆ మూడూ కలిపి గెలిచినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు.

నాకు మాత్రం వాటికన్నా ఇంకో సంగతి ఇష్టం. రాన్ క్లార్క్ అని ఆస్ట్రేలియా రన్నర్, ఎన్నో ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టినా ఒలింపిక్ స్వర్ణం దక్కలేదు. జాటోపెక్ దేశ రాజధాని ప్రేగ్ వచ్చి తిరిగి వెళ్తుంటే జాటోపెక్ అతని చేతిలో చిన్న పొట్లం పెట్టాడు. క్లార్క్ విమానంలో విప్పి చూస్తే, హెల్సింకీ పది వేల మీటర్ల బంగారు పతకం! 1968లో తన దేశంలోకి సోవియట్ సైన్యం వచ్చినప్పుడు నోరు విప్పినందుకు జాటోపెక్ సైన్యంలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ఏళ్ల తరబడి కష్టమైన కూలిపని చేశాడు. అంతటి మనిషి ముఖం అది.

నీ ఫొటో మళ్లీ పెద్దది చేసి చూశాను. కుడి పిడికిట్లో బొటనవేలు లోపలికి మడిచి పట్టుకున్నావు. చిన్నప్పుడు సైకిల్ నేర్చుకునేటప్పుడు హ్యాండిల్ మీద అచ్చం అలాగే పట్టుకునేదానివి, పడిపోతే ఏడుపు ఆపుకుంటూ. నేను పక్కనే పరిగెత్తేవాణ్ని.

ఆ ఫొటో ఫోన్లోంచి తీసెయ్యకు తల్లీ. నేనొక ప్రింట్ వేయించుకున్నాను, నా బల్ల మీద పెట్టుకుంటాను. మోకాలికి ఐస్ పెట్టుకుంటున్నావా? రాత్రికి ఫోన్ చెయ్యి.

నాన్న