మన గల్లీ వాన ఎటు పోతదో చెప్పని భూగోళం

ఎడిటర్ గారికి నమస్కారం,

మావోడు ఎనిమిదో తరగతి. మొన్న సోషల్ పరీక్షకు అక్షాంశాలు, రేఖాంశాలు బట్టీ పడుతుంటే పక్కన కూసున్న, వరంగల్ దగ్గర దగ్గర 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటదని గడగడ చెప్పిండు. సరే బిడ్డా, మరి మన గల్లీల పడ్డ వాన ఎటు పోతది అని అడిగిన. తెల్వది డాడీ అన్నడు. వాని తప్పేం లేదు, 2023 జూలై దాకా నాక్కూడా తెల్వది.

ఆ జూలైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడ్డది, భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగి జనం బంగ్లాల మీదికి ఎక్కిన్రు. హన్మకొండల మా కిరాయి ఇంట్లకు కూడ నీళ్లొచ్చినయి. స్విచ్ బోర్డుకు జానెడు కింద గోడ మీద పడ్డ గీత, రెండుసార్లు సున్నం ఏసినా ఇంకా కనపడతనే ఉన్నది. బురద ఎత్తిపోసేటప్పుడు పక్కింటి ముసలాయన చెప్పిండు, ఇదంతా కుంట శిఖం, నీళ్లు నిలిచే జాగ బిడ్డా, చిన్నప్పుడు ఇక్కడ్నే బర్లు కడిగినం అని.

భూగోళంల లొకేషన్ వేరు, ప్లేస్ వేరు. మ్యాప్ మీద పెట్టే చుక్క లొకేషన్, అక్కడి నేల, నీళ్లు, పేరు, మనుషుల యాది అన్నీ కలిస్తే ప్లేస్. ముసలాయన చెప్పింది ఆ రెండోదే. అది మా పిల్లల నోట్ బుక్కుల రెండు లైన్ల డెఫినిషన్ అయి కూసున్నది.

ఇంకోటి స్కేలు, అంటే ఎంత జాగను ఒక్కసారి చూస్తున్నమన్నది. మా గల్లీ వరకే చూస్తే మోరి చిన్నగుంది, పెద్దది కట్టాలె అనిపిస్తది, అందరం కలిసి అదే దరఖాస్తు పెట్టినం. జరంత దూరం జరిగి ఊరు మొత్తం చూస్తే లెక్క మారుతది. కాకతీయుల కాలం నుంచి మనయి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువులకు పోవాలె, మధ్యల నాలా మీద ఇండ్లు లేపినంక ఆ నీళ్లు ఎటు పోవాలె, మా ఇంట్లకే వస్తయి. మోరి ఎంత పెద్దగ కట్టినా అంతే.

1984ల అమెరికాల భూగోళ టీచర్లు, శాస్త్రవేత్తలు కలిసి ఈ చదువును ఐదు అంశాల కింద పెట్టిన్రు: లొకేషన్, ప్లేస్, మనిషికీ ప్రకృతికీ ఉన్న సంబంధం, రాకపోకలు, ప్రాంతం. ఐదిటికీ ఉదాహరణలు మన దగ్గర్నే ఉన్నయి. కాజీపేట జంక్షన్ ఎందుకైంది, హైదరాబాద్, విజయవాడ, బల్లార్షా లైన్లు అక్కడ కలుస్తయి కాబట్టి. రెండేండ్లకోసారి అంత జనం మేడారం ఎట్ల చేరుతరు? 2016ల వరంగల్ జిల్లాను ముక్కలు చేసిన్రు, అయినా ములుగు మిర్చి, మానుకోట మిర్చి వరంగల్ల ఏనుమాముల మార్కెట్‌కే వస్తది, రోగం ముదిరితే అందరు వరంగల్ ఎంజీఎం దవాఖానకే వస్తరు. కాయితం మీద గీసిన ప్రాంతం ఒకటి, జనం తిరిగే ప్రాంతం ఇంకోటి. దూరం గూడ అంతే, ఏజెన్సీల వాగు పొంగితే పది కిలోమీటర్ల దవాఖాన కూడ అందదు.

నేను అడిగేది పెద్దది కాదు. ప్రతి స్కూల్ల ఆ ఊరి నక్షా ఒకటి గోడకు పెట్టాలె, చెరువులు, నాలాలు, ఎఫ్‌టీఎల్ గీతలు (చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాక వస్తయో చూపే హద్దు) అన్నీ కనపడేటట్టు. ఏడాదికి ఒక్కసారన్న, వాన లేని రోజు, సోషల్ సార్లు పిల్లల్ని తీసుకొని నాలా ఎంబడి నడవాలె. దీనికి విద్యాశాఖ ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. మీ పేపర్ల పిల్లల పేజీల గూడ వారానికో బస్తీ మ్యాప్ వేయండి.

మొన్న ఆదివారం మేమిద్దరం మా నాలా ఎంబడి నడిచినం. సగం దూరం పోయినంక ఒక షెడ్డు అడ్డమొచ్చింది, దాని అవతల నాలా కనపడలే. మావోడు అక్కడిదాక పెన్సిల్‌తో మ్యాప్ గీసి ఆ జాగల ప్రశ్న గుర్తు పెట్టిండు. లేఖతో పాటు ఆ కాయితం గూడ పంపుతున్న.

ఇట్లు,
ఒక పాఠకుడు, హన్మకొండ