బుజ్జిగాడితో టెంట్లో రాత్రి

బెంగళూరు,
ఆదివారం

ఒరే శీనూ,

మీ కుక్క బుజ్జిగాణ్ణి తీసుకుని టెంట్ వేయడానికి వెళ్తున్నానన్నావు, ఎంత సంతోషమో! ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

భీమేశ్వరి వైపు చూడకు. అది కావేరీ వన్యప్రాణి అభయారణ్యం, అక్కడికి కుక్కతో పోకూడదు. అడవి బయట, రాత్రి కాపలా ఉండే క్యాంపు వెతుక్కో. కుక్కని రానిస్తారా అని అడిగి ఊరుకోకు, రాత్రి టెంట్ లోపల పడుకోనిస్తారా అని అడుగు. బయట కట్టేయమన్నారో, ఆ చోటు వదిలేయ్. మాగడి, రామనగర, బన్నేరుఘట్ట చుట్టుపక్కల చిరుతలు తిరుగుతాయిరా. కట్టేసిన కుక్క చిరుతకి నోటి దగ్గరి ముద్ద. చీకటి పడ్డాక వాడు నీ చేతి పట్టీకైనా ఉండాలి, టెంట్లోనైనా ఉండాలి.

ముగ్గురు పట్టే టెంట్ అంటే మీరిద్దరూ, వాడూ అని లెక్క. వారం ముందు నుంచి సాయంత్రాలు మేడ మీద వేసి అలవాటు చెయ్యి. అక్కడ మేకులు దిగవు కాబట్టి మూలలకి నీళ్ల డబ్బాలు పెట్టు. వాడి పాత దుప్పటి లోపల పరిచి, తిండి అక్కడే పెట్టు. మొదట్లో తలుపు తెరిచే ఉంచు. చాలా కుక్కలు టెంట్ కంటే జిప్ చప్పుడుకే బెదురుతాయి, అది మెల్లగా అలవాటు చెయ్యాలి. గోళ్లు రెండు మూడు రోజుల ముందే కత్తిరించు, అప్పుడే కోసిన అంచు పదునుగా ఉండి టెంట్ అడుగు చీరేస్తుంది. అయినా కింద మందపాటి జంపఖానా వెయ్యి. రాత్రి జిప్ రెండు కొసల్నీ కలిపి క్లిప్పు పెట్టు, లేకపోతే ముక్కుతో తోసి బయటికి పోతాడు.

పగలు రెండు చెట్ల మధ్య నీ నడుము ఎత్తులో తాడు కట్టి, దాని మీద జారే కడియానికి వాడి పట్టీ తగిలించు. మెడకి కాదు, ఒంటికి తొడిగే హార్నెస్‌కి. ఒక్కో చెట్టుకి పట్టీ పొడవంత దూరంలో తాడుకి ముడి వెయ్యి, కడియం అక్కడే ఆగి, వాడు చెట్టు చుట్టూ చుట్టుకోడు. స్టవ్వుకీ, టెంట్ తాళ్లకీ దూరంగా కట్టు. ఊరి కుక్కలు వస్తే దగ్గరికి తీసుకో. మధ్యాహ్నం మాత్రం టెంట్లో పెట్టకు, ఎండకి లోపల కొలిమిలా ఉంటుంది.

ఇరవై కిలోల కుక్కకి మామూలుగా రోజుకి లీటరు పైన నీళ్లు కావాలి. రెండున్నర లీటర్లు వాడికి వేరుగా పట్టుకెళ్లు, చెరువు నీళ్లు తాగనివ్వకు. తిండి ఇంట్లో పెట్టేదే పెట్టు, మారిస్తే విరేచనాలే. మీ పులావులో ఉల్లిపాయ ఉంటుంది, ముద్ద కూడా వద్దు.

ఇక పిడుదులు. బయలుదేరే ముందే డాక్టర్ని అడిగి మాత్ర వేయించు. తిరిగొచ్చాక చెవుల లోపల, హార్నెస్ కింద, చంకల్లో, వేళ్ల సందుల్లో, తోక కింద తడిమి చూడు. దొరికితే సన్న పట్టుకారుతో (ట్వీజర్) చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టి, నిదానంగా నిటారుగా లాగు. కిరోసిన్ పొయ్యడం, కాల్చడం వద్దు. పొట్ట నొక్కావంటే దాని లోపలిది గాయంలోకి దిగుతుంది. తీసింది స్పిరిట్‌లో వెయ్యి, గోటితో చిదమకు. తర్వాతి రెండు మూడు వారాల్లో వాడు తిండి మానినా, డల్‌గా పడుకున్నా, చిగుళ్లు పాలిపోయినా రక్త పరీక్ష చేయించు, ఆలస్యం చెయ్యకు.

నా దగ్గర తాడు, కడియం, మంచి పట్టుకారు ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లు, ఆ ముడి ఎలా వెయ్యాలో చూపిస్తా. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రవి