సెల్కర్క్‌లో జెండా తిప్పేది గెలిచినందుకు కాదు

సంపాదకులు గారికి,

స్కాట్లండ్ సరిహద్దు ఊరు సెల్కర్క్ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, అక్కడి జెండా తిప్పే వేడుకను ‘విజయ నృత్యం’ అంది. నిజానికి అది చావుకబురు.

1513 సెప్టెంబరు 9న ఫ్లాడెన్ యుద్ధంలో స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్ ఇంగ్లీషు సేనల చేతిలో చనిపోయాడు. ఈ ఊరి నుంచి 80 మంది వెళితే ఫ్లెచర్ అనే ఒక్కడే శత్రువుల జెండాతో తిరిగొచ్చాడట. మావాళ్లేరని అడిగితే నోట మాట పెగలక, జెండాను కొడవలి విసిరినట్టు తిప్పి నేలకు వాల్చాడట. అందరూ కోతకోసినట్టు పడిపోయారని చెప్పడం. ఇందులో ‘అట’ను వదలకూడదు. యుద్ధం చరిత్ర; 80 లెక్క, ఫ్లెచర్ కథ మాత్రం తరాలుగా చెప్పుకుంటూ వచ్చినవి. వ్యాసం రెండింటినీ ఒకే గాటన కట్టేసింది.

పైగా అదే రోజు జరిగే గుర్రాల ఊరేగింపు ఫ్లాడెన్ కోసం కాదు, పొలిమేర కోసం. పశువుల మేతకు, పొయ్యిలోకి పీట్ (ఎండబెట్టి కాల్చే చిత్తడినేల మట్టి) తవ్వుకోడానికి ఉన్న ఉమ్మడి భూమిని పక్క జమీందార్లు కలిపేసుకోకుండా ఏటా చుట్టి చూసుకునేవారు. ఆ తగాదా ఎంతవరకూ వెళ్లిందంటే, భూమి కోసం వాదించడానికి ఎడిన్‌బరో బయల్దేరిన ఊరిపెద్ద జాన్ ముతాగ్‌ను 1541లో దారిలోనే చంపేశారు. ఫ్లెచర్ విగ్రహం పక్కన ఈయన్నీ తలచుకోవాల్సింది; వ్యాసంలో పేరే లేదు.

వెళ్లాలనుకునేవారికి: ఈ వేడుక జూన్ రెండో సోమవారం తర్వాతి శుక్రవారం జరుగుతుంది. పొద్దున్నే గుర్రాలు ఎట్రిక్ ఏరు దాటి కొండలెక్కుతాయి. తిరిగొచ్చాక మార్కెట్ ప్లేస్ వేదిక మీద ముందు ఊరి జెండా, తర్వాత వృత్తిసంఘాలవి, చివర మాజీ సైనికులది తిప్పుతారు. ఆపై నిశ్శబ్దం, శోకగీతం. అక్కడ చప్పట్లు కొట్టకండి.

చిన్న సవరణ. ఊరి గౌరవ పౌరసత్వం కొత్తగా పొందినవారు వైన్‌లో ముంచి నాకేది ‘బ్రష్’ కాదు, పంది వెంట్రుకల కట్ట. పూర్వం చెప్పులు కుట్టేవాళ్లు మైనం రాసిన దారం కొసకు ఆ వెంట్రుకను సూదిలా పేనేవారు, ఆరతో పొడిచిన చిన్న రంధ్రంలోంచి దారం దూరడానికి. 1819లో వచ్చిన లియోపోల్డ్ రాకుమారుడు (తర్వాత బెల్జియం తొలి రాజు) కూడా ఆ కట్ట నాకాల్సి వచ్చింది.

— ఒక పాఠకుడు