స్మార్ట్ కీ పనికి వచ్చేవాళ్లు ఇకమీదట ఆర్‌సీ తెచ్చుకోండి, ఎందుకో చెబుతాను

మలక్‌పేటలోని మా కీల షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి మా దగ్గర కారు స్మార్ట్ కీ (జేబులో ఉంటే చాలు, తలుపు తెరిచి బండి స్టార్ట్ చేయనిచ్చే కీ) కొత్తది చేయాలన్నా, పోయిన కీని కారు మెమరీలోంచి తీసేయాలన్నా బండి షాపు ముందు ఉండాలి, ఒరిజినల్ ఆర్‌సీ ఉండాలి, ఆర్‌సీలో పేరున్న మనిషి రావాలి. ఆయన ఊళ్లో లేకపోతే వీడియో కాల్‌లో ముఖం, గుర్తింపు కార్డు చూపించి మాట్లాడితే చాలు. కార్డు జిరాక్సులు మేం దాచుకోం. బండి నంబరు, చాసిస్ నంబరు, చేసిన పని మాత్రం రిజిస్టర్‌లో రాసి సంతకం తీసుకుంటాం. "డ్రైవర్‌ని పంపిస్తున్నా, చేసి ఇచ్చెయ్ భయ్యా" అంటే ఇక కుదరదు. పాత కస్టమర్లయినా సరే.

"ఇది కీల షాపా, ఆర్టీఏ ఆఫీసా?" అని ఒక సార్ విసుక్కున్నారు. విసుగు న్యాయమే. అందుకే ఇదంతా రాస్తున్నా.

ఇద్దరు దొంగలు చేతిలో పెట్టెలు పట్టుకుని, అద్దం పగలగొట్టకుండా, ఇంటి ముందున్న కారు తీసుకుపోయే వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి. అవి చూసి చాలామంది "మా కీ హ్యాక్ అవుతుందా?" అని అడుగుతున్నారు. ముందు కీ ఏం చేస్తుందో తెలియాలి.

స్మార్ట్ కీ మామూలుగా జేబులో నిద్రపోతూ ఉంటుంది. మీరు డోర్ హ్యాండిల్ మీది చిన్న బటన్ నొక్కగానే, కారులోని యాంటెన్నా 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పిలుపు పంపుతుంది. ఆ పిలుపు కావాలనే దూరం పోకుండా పెట్టారు. మీటరో మీటరున్నరో దాటితే కీకి అందదు. అందులో కారు అప్పటికప్పుడు పుట్టించిన ఒక సంఖ్య ఉంటుంది. కీలోని చిప్ తన దగ్గరున్న రహస్య కోడ్‌తో ఆ సంఖ్యను లెక్కకట్టి, జవాబును మన దగ్గర ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద పంపిస్తుంది. కారు కూడా అదే లెక్క చేసుకుని, రెండూ కలిస్తేనే తలుపు తెరుస్తుంది. లోపల కూర్చుని స్టార్ట్ నొక్కినప్పుడు ఇదే తంతు క్యాబిన్ యాంటెన్నాలతో మళ్లీ జరుగుతుంది. సంఖ్య ప్రతిసారీ మారుతుంది కాబట్టి నిన్నటి జవాబును రికార్డు చేసుకున్నవాడికి ఇవాళ ఏమీ దక్కదు.

మరి ఆ పెట్టెల దొంగలు ఏం చేస్తున్నారు? వాళ్లు కోడ్ జోలికే పోరు. ఒకడు కారు హ్యాండిల్ దగ్గర నిలబడతాడు, ఇంకొకడు మీ ఇంటి తలుపు దగ్గర. కారు పిలుపును మొదటి పెట్టె పట్టుకుని రెండోదానికి చేరవేస్తుంది, అది గోడ అవతల హుక్కుకి వేలాడుతున్న కీకి వినిపిస్తుంది. కీ నిజాయితీగా జవాబిస్తుంది. ఊళ్లో ఉన్న ఇద్దరు ముసలాళ్లని మాట్లాడించడానికి రెండు ఫోన్లు స్పీకర్‌లో పెట్టి ఎదురెదురుగా పట్టుకున్నట్టే. మాట అసలుదే, దూరమే అబద్ధం. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 2011లో 8 కంపెనీల 10 మోడళ్ల మీద దీన్ని ప్రయత్నిస్తే పదీ తెరుచుకున్నాయి. ఒకసారి స్టార్ట్ అయ్యాక కీ దూరమైనా ఇంజిన్ ఆగదు, వార్నింగ్ మాత్రమే వస్తుంది. నడుస్తున్న బండి రోడ్డు మధ్యలో ఆగిపోతే ప్రాణాల మీదకి వస్తుంది కాబట్టి కంపెనీలు అలాగే పెట్టాయి, అందులో తప్పు పట్టడానికి లేదు.

దీనికి అసలు మందు అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే కొత్త రకం రేడియో పద్ధతి. సిగ్నల్ వెళ్లి రావడానికి ఎంత సమయం పట్టిందో నానోసెకన్లలో కొలిచి, కీ ఎంత దూరంలో ఉందో తేలుస్తుంది. ఒక నానోసెకన్‌లో రేడియో తరంగం దాదాపు 30 సెంటీమీటర్లు పోతుంది, మధ్యలో పెట్టెలు పెడితే ఆ ఆలస్యం బయటపడుతుంది. కానీ మా షాపుకి వచ్చే మామూలు కార్లలో ఇది ఇంకా కనబడటం లేదు. కొన్ని కీల్లో మోషన్ సెన్సార్ ఉంటుంది, కాసేపు కదలకపోతే కీ జవాబివ్వడం మానేస్తుంది. అది కూడా మంచిదే.

మీ ఇంటి సంగతికి వస్తే, అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో ఉండి సెల్లార్‌లో కారు పెట్టేవాళ్లు దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్, సైదాబాద్ గల్లీల్లో ఇండిపెండెంట్ ఇళ్లున్నవాళ్లు గేటు బయట కారు పెట్టి, చెప్పుల స్టాండ్ పైన హుక్కుకి కీ తగిలిస్తారు. వాళ్లు మాత్రం కీని లోపలి గది బీరువాలోకి మార్చండి. ఖర్చు లేని పని. పైగా కీ ఎప్పుడూ కారు పక్కనే ఉంటే కొన్ని మోడళ్లలో రెండూ ఊరికే పలకరించుకుంటూ కీ బ్యాటరీ తొందరగా అయిపోతుంది.

సిగ్నల్ ఆపే పౌచ్‌లు మేమూ అమ్ముతున్నాం. కొని నమ్మేయకండి. కీని పౌచ్‌లో వేసి, మూత పూర్తిగా మడిచి, కారుకి ఆనుకుని నిలబడి హ్యాండిల్ బటన్ నొక్కండి. తెరుచుకుంటే అది ఉత్త పర్సు. కొత్తలో పనిచేసినవి కూడా మడత దగ్గర లోపలి పొర చీలి కొన్నాళ్లకు పనికిరాకుండా పోతాయి, అప్పుడప్పుడు ఇదే పరీక్ష మళ్లీ చేయండి. ఈ పరీక్ష దాటని ఒక చవక రకం తెప్పించడం మానేశాం.

ఇక మేం ఆర్‌సీ అడిగే అసలు కారణం. పెట్టెల కన్నా నాకు భయం నా టేబుల్ మీదున్న, కీలు ఎక్కించే ట్యాబ్లెట్ మిషన్ అంటేనే. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి (మెకానిక్‌లు కారు కంప్యూటర్‌ని తనిఖీ చేసే సాకెట్) దాన్ని తగిలిస్తే, చాలా మోడళ్లలో కొన్ని నిమిషాల్లో కొత్త కీ నమోదవుతుంది. పోర్టుకి ఇలాంటి ప్రోగ్రామర్ మిషన్ తగిలించి తమ కీ ఎక్కించుకుని పోయే దొంగలూ ఉన్నారు. వాడి చేతిలో ఉన్నదీ నా చేతిలో ఉన్నదీ ఒకే జాతి మిషన్. తేడా అంతా ఎవరి బండికి ఎవరు అడిగితే చేస్తున్నామన్న దగ్గరే ఉంది. అది కూడా మేం చూడకపోతే, మీ కారు కీని వాలే పార్కింగ్ కుర్రాడో పాత డ్రైవరో ఒక మధ్యాహ్నం మా దగ్గరకి తెచ్చి ఇంకొకటి చేయించుకోవచ్చు.

సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. మిషన్ పెడితే చాలా కార్లలో ఎన్ని కీలు నమోదయ్యాయో తెరమీద కనిపిస్తుంది. మీకు ఇచ్చినవి రెండు, అక్కడ మూడు అని ఉంటే ఆ మూడోది ఎవరి జేబులో ఉందో? అన్నీ చెరిపేసి మీ దగ్గరున్నవే మళ్లీ ఎక్కించాలి. అప్పుడు ఇంట్లో వదిలేసి వచ్చిన రెండో కీ కూడా పనిచేయకుండా పోతుంది, అందుకే రెండూ తెమ్మని పోరుపెడతాం. ఇంకో సంగతి, కారు దొంగతనం క్లెయిమ్‌లో ఇన్సూరెన్స్ వాళ్లు సాధారణంగా ఒరిజినల్ కీలన్నీ అడుగుతారు. కీ పోతే పోలీస్ కంప్లయింట్ కాగితం, మా బిల్లు ఒకచోట దాచుకోండి. బిల్లు వద్దంటే తగ్గిస్తారా అని అడగొద్దు, తగ్గించం.

చేయలేని పనులు కూడా ముందే చెబుతున్నా. కొన్ని కొత్త మోడళ్లకి కంపెనీ సర్వర్ అనుమతి లేనిదే కీ ఎక్కదు, వాటికి షోరూమ్‌కే వెళ్లండి. ఆన్‌లైన్‌లో కొన్న వాడిన రిమోట్లు చాలావరకు పాత కారుకే కట్టుబడి ఉంటాయి, తెచ్చి ఇచ్చినా మా చేతుల్లో ఏమీ లేదు. మేం వేసేది కంపెనీ కీ కాదు, బయటి కీ. రేంజ్ కొంచెం తగ్గవచ్చు.

బ్యాటరీ అయిపోయి రోడ్డు మీద ఇరుక్కున్నవాళ్లు మమ్మల్ని పిలిచి డబ్బులు పోసుకోవద్దు. కీ పక్కనున్న చిన్న బటన్ నొక్కి లాగితే లోపల ఇనుప తాళంచెవి వస్తుంది, దాంతో తలుపు తీయండి. తర్వాత కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కండి. కీలో బ్యాటరీ అక్కర్లేని చిన్న చిప్ ఇంకోటి ఉంటుంది, చాలా కార్లు దాన్ని అక్కడే చదువుతాయి. కొన్నింటిలో ఆ చోటు వేరే ఉంటుంది, మాన్యువల్‌లో ఒకసారి చూసి పెట్టుకోండి. తర్వాత షాపుకి వస్తే బ్యాటరీ మార్చి ఇస్తాం. ఎక్కువ కీలకి సీఆర్ 2032 సరిపోతుంది, ఈ పనికి ఆర్‌సీ అడగం.

ధరల సంగతి. స్మార్ట్ కీ పని ఈ నెల నుంచి 300 రూపాయలు పెరిగింది. మిషన్ సాఫ్ట్‌వేర్ చందా పెరగడం ఒక కారణం, కాగితాలు చూసి నమోదు చేయడానికి పట్టే సమయం రెండోది. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి పాత ధరే, ఆర్‌సీ మాత్రం వాళ్లూ తేవాలి. ఆదివారం సెలవు. కీలన్నీ పోయిన కేసులు సాయంత్రం ఆరు తర్వాత తీసుకోం, మరుసటి ఉదయం రండి.