క్యాజువాలిటీ డాక్టరు గారికి, మిర్చి యార్డు హమాలీలకు కృతజ్ఞతలు

గుండెపోటు వచ్చిన మా అన్నయ్య క్షేమంగా ఇంటికి వచ్చాడు. వీధి చివరి దాకా నడుస్తున్నాడు, ఉప్పు లేని కూరల మీద అప్పుడే విసుక్కుంటున్నాడు కూడా. ఫోను చేసి, ఇంటికి వచ్చి పలకరించిన వారందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ఆసుపత్రి పేరు మాత్రం రాయడం లేదు. డాక్టరు గారే వద్దన్నారు. "ఇవాళ మెచ్చుకుంటూ రాస్తారు. రేపు ఇంకో రోగి విషయంలో తేడా వస్తే అదే పేరు పట్టుకుని అద్దాలు పగలగొట్టడానికి వస్తారు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నవ్వులాటకు అన్న మాట కాదు.

ముందు హమాలీల మేస్త్రికి దండం పెట్టాలి. అన్నయ్య గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు గుమస్తా. సీజన్లో యార్డు ఎలా ఉంటుందో మన ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు. టిక్కీల (మిర్చి బస్తాల) గుట్టలు, నెత్తిన ఎండ, గాలి నిండా ఘాటు. అక్కడ ఎవరికి చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా ఎవరూ తలెత్తి చూడరు. పైగా అన్నయ్యకు ఛాతీలో నొప్పి రాలేదు. పొట్ట పైభాగంలో మంట, ఒక వాంతి, అంతే. ఆయనకు షుగరు ఉంది. షుగరు ఉన్నవారికి గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా కూడా రావచ్చట. కొట్టులో అందరూ గ్యాస్ అన్నారు, సోడా తెప్పించారు. మేస్త్రి ఒక్కడే నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "ఇది ఎండ చెమట కాదు, ఒళ్లు చల్లబడింది. మా నాయనకూ ఇలాగే పట్టింది" అన్నాడు. సరుకు దించుతున్న ఆటోను అక్కడికక్కడే ఖాళీ చేయించి అన్నయ్యను ఎక్కించాడు. గేటు దగ్గర లారీలు అడ్డంగా ఉంటే ఇద్దరు హమాలీలు ముందు పరుగెత్తి దారి చేశారు. చుట్టుగుంట దాటేదాకా వాళ్లు ఆటో వెంట పరుగెత్తుతూనే ఉన్నారని తర్వాత ఆటో అతను చెప్పాడు.

నేను అరండల్‌పేట నుంచి ఆసుపత్రికి చేరేసరికి అన్నయ్యను మంచం మీద పడుకోబెడుతున్నారు. ఆ పూట క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఒక్కరే. సన్నగా, చిన్న వయసులో ఉన్న ఒక డాక్టరమ్మ. ఆవిడ చేతులు ఖాళీగా లేవు. పక్క మంచం మీద పురుగుమందు తాగిన కుర్రవాడికి ఊపిరి నిలబెడుతూ అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే సంచి) నొక్కుతున్నారు. అటువైపు హైవే మీద దెబ్బలు తగిలి వచ్చిన భార్యాభర్తలు, గుమ్మం దగ్గర జ్వరంతో మూలుగుతున్న చంటిబిడ్డ, వాళ్ల వెనక ఇంకా జనం.

ఆవిడ బ్యాగు వదలలేదు, కానీ మావైపు చూశారు. "ఈసీజీ" అన్నారు, అంతే. గుండెపోటు అనుమానం ఉన్న మనిషి గుమ్మంలోకి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి చూడాలన్నది నియమం. హౌస్ సర్జన్ అమ్మాయి, నర్సమ్మ వచ్చారు. అన్నయ్య ఛాతీ నిండా చెమట, చెమటకు అంటుకున్న కారం దుమ్ము. ఛాతీకి అంటించే ఈసీజీ తీగల బిళ్లలు నిలబడటం లేదు, జారిపోతున్నాయి. నర్సమ్మ దూదితో తుడవడం, ఆ ఘాటుకు తుమ్మడం, మళ్లీ తుడవడం. చివరికి కాగితం బయటికి వచ్చింది. హౌస్ సర్జన్ అమ్మాయి దాన్ని తీసుకుని డాక్టరు గారి దగ్గరకు పరుగెత్తింది. "కాస్త పైకి పట్టమ్మా" అన్నారు ఆవిడ. చేతులు బ్యాగు మీదే ఉన్నాయి, లెక్క తప్పకుండా నొక్కుతున్నాయి. కళ్లు మాత్రం కాగితం మీద ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లాయి. "దెబ్బ గుండె కింది గోడకు. కుడివైపు ఈసీజీ కూడా తీయండి. నాలుక కింద మాత్ర ఇవ్వద్దు." అప్పుడే నేను జేబులోంచి ఆ మాత్ర తీయబోతున్నాను, మా వీధిలో ఎవరో ఇచ్చి పంపారు. కింది గోడతో పాటు గుండె కుడిభాగం కూడా దెబ్బతిని ఉండవచ్చట, అలాంటప్పుడు ఆ మాత్ర వేస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుందట.

ఆ తర్వాత బ్యాగును నర్సమ్మ చేతిలో పెట్టి మా దగ్గరకు వచ్చారు. గుండె రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి, ఆసుపత్రికి చేరిన అరగంటలోపు పడాలి. ఇచ్చే ముందు వరసగా ప్రశ్నలు: "అయ్యా, మీ అన్నగారికి ఇదివరకు పక్షవాతం వచ్చిందా? ఈమధ్య ఆపరేషన్ ఏదైనా? తలకు దెబ్బ? మలం నల్లగా పడిందా?" ఆ మందు గుండెలో గడ్డను కరిగించడంతో పాటు ఒంట్లో మరెక్కడైనా రక్తస్రావాన్నీ రేపగలదు కాబట్టి ఒక్క జవాబు కూడా వదలడానికి లేదు. చివరగా, "బరువెంత?" ఆ మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. నేను నీళ్లు నమిలాను. వెనక నుంచి మేస్త్రి గొంతు వినిపించింది: "72 కిలోలమ్మా. మొన్న సరదాగా కాటా ఎక్కారు." డాక్టరు గారు ఆ మాటతోనే మోతాదు కట్టారు. మిర్చి కాటా మీద తూగిన లెక్క అలా పనికొచ్చింది!

మందు పడిన కాసేపటికి గుండె లయ తప్పింది, షాక్ ఇచ్చారు, మళ్లీ దారిలో పడింది. అది నేను చూడలేదు, తెర వేశారు. మర్నాడు యాంజియోగ్రామ్ చేసి గుండె కుడి ధమనిలో స్టెంట్ వేశారు. వేసిన హృద్రోగ నిపుణులకు, ల్యాబ్ సిబ్బందికి, ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాలు చకచకా నడిపించిన కౌంటరు అబ్బాయికి మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

మరొకరికి కూడా చెప్పాలి. మాకంటే ముందు వచ్చి, మా వల్ల వెనకబడిన ఆ చంటిబిడ్డ తల్లికి. "మేము ముందు వచ్చాం కదా" అని ఒక పెద్దమనిషి గొడవకు దిగితే ఆవిడే ఆయనను ఆపింది. తల్లీ, నీ బిడ్డ చల్లగా ఉండాలి.

ఇప్పుడు నా మనసులో మాట. పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది "డాక్టరు రూపంలో దేవుడు వచ్చాడు" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. దేవుడని దండం పెట్టేస్తే ఒక్కరితో సరిపెట్టవచ్చు. మనిషి అనుకుంటే పక్కన రెండో మనిషిని వేయాలి, ఆవిడ తిన్నారా పడుకున్నారా అని అడగాలి. రెసిడెంట్ డాక్టర్లకు (ఆసుపత్రిలో శిక్షణ పొందుతూ పనిచేసేవారికి) వరస డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. ఈ డాక్టరు గారు మా అన్నయ్యను చూసేనాటికి ముందు రోజు ఉదయం నుంచి డ్యూటీలో ఉన్నారని నర్సమ్మ చెప్పింది. రెండో పోస్టు ఖాళీగా ఉందట.

క్యాజువాలిటీ కిక్కిరిసిన కొద్దీ గుండెపోటు రోగులకు ఈ కరిగించే మందు మొదలుపెట్టడం ఆలస్యమవుతోందని కెనడాలోని ఒంటారియో ఆసుపత్రుల మీద 2004లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అంత సదుపాయాలున్న దేశంలోనే అలా ఉంటే మన సంగతి వేరే చెప్పాలా? ఆ పూట ఆవిడ అంబు బ్యాగు నొక్కుతూనే కాగితం చూడగలిగారు కాబట్టి మాకు సమయం దక్కింది. అదే సమయానికి రెండో గుండెపోటు కూడా వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు గానీ, ఆలోచించవలసినవాళ్లు ఆలోచించాలి. చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లోనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి నిపుణులకు పంపి, ఈ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇచ్చే స్టెమీ కార్యక్రమం మన రాష్ట్రంలో 2023లో మొదలైంది. మంచి పని. కానీ ఆ కాగితాన్ని చూడటానికీ సూది వేయడానికీ మనుషులు కావాలి.

అందుకని కమిషన్ కొట్ల గుమస్తాలం, హమాలీలం కలిసి ఆ రెండో పోస్టు భర్తీ చేయమని వినతిపత్రం రాశాం. సంతకాలు మేస్త్రి దగ్గర మొదలయ్యాయి, చేయదలచినవారు ఏ సాయంత్రమైనా కాటాల దగ్గర అడగండి. డాక్టరు గారికి ముందుగా చూపిస్తే తన గురించి పొగిడిన పేరా మొత్తం కొట్టేసి, ఆ చోట "రాత్రి డ్యూటీకి ఈసీజీ టెక్నీషియన్ కూడా కావాలి" అని రాసి ఇచ్చారు. అలాగే చేర్చాం.